కాలికి రెస్ట్ అన్నారు, పాప డాన్స్ మాటెత్తితే లేచి వెళ్ళిపోతోంది: ఏం చెయ్యాలి?

ముందు ప్రశ్న క్లుప్తంగా. రాజోలు వైపు నుంచి ఒక అమ్మ అడిగారు. పాపకి పదమూడేళ్ళు, చిన్నప్పటి నుంచీ కూచిపూడి నేర్చుకుంటోంది. అంతర్వేది తీర్థంలో తరంగం (ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి చేసే నాట్యం) చెయ్యాల్సి ఉండగా పాదంలో హెయిర్‌లైన్ ఫ్రాక్చర్ అని తేలింది. డాక్టరు ఆరు నుంచి ఎనిమిది వారాలు రెస్ట్ అన్నారు. ఆ అవకాశం క్లాసులో ఇంకో అమ్మాయికి వెళ్ళింది. అప్పటి నుంచి పాప గజ్జెలు అటక మీద పడేసి, ఇత్తడి పళ్ళెం మంచం కిందకి తోసేసి, డాన్స్ మాట ఎత్తితే లేచి వెళ్ళిపోతోంది. "కొన్నాళ్ళు అది గుర్తు రాకుండా చదువులో పెట్టమంటారా, ధైర్యం చెప్పి క్లాసుకి తీసుకెళ్ళమంటారా? ప్రోగ్రాం రోజు అంతర్వేది తీసుకెళ్ళొచ్చా?"

క్లాసు మాన్పించకండమ్మా. సెలవు కాలికి ఇవ్వండి, పిల్లకి ఇవ్వకండి. కాకపోతే ఆ ధైర్యం చెప్పే కార్యక్రమం కొన్నాళ్ళు ఆపండి. మొదటి నాలుగైదు రోజులు ఏడవనివ్వండి, అలగనివ్వండి. ఆ తర్వాత క్లాసులో కూర్చుని చేసే ఒక నిజమైన పని ఇప్పించి తీసుకెళ్ళండి. ఎముక అతుక్కున్నాక భయం అనే రెండో గండం ఉంటుంది, దానికి ఇప్పటి నుంచే సిద్ధంగా ఉండండి.

నేను కోనసీమలో పిల్లలకి కూచిపూడి నేర్పుతాను. తర్వాత సైకాలజీ చదువుకుని, ఒక ఫిజియోథెరపిస్టుతో కలిసి దెబ్బలు తగిలిన డాన్స్ పిల్లల్ని చూస్తున్నాను. ఎముక సంగతి మీ డాక్టరుగారిదే, ఆయన మాటే ఫైనల్. మిగతాది నాకు తెలిసినంత వరకు చెప్తాను.

చదువులో పెట్టడం ఎందుకు వద్దంటున్నానంటే, ఆ వయసు పిల్లకి డాన్స్ అంటే సాయంత్రం కాలక్షేపం కాదు. బడిలో ఆమె "ఆ డాన్స్ చేసే అమ్మాయి". స్నేహితులు అక్కడే. మెచ్చుకోళ్ళు అక్కడి నుంచే. చుట్టాలింటికి వెళ్తే "ఏదీ, ఒక చిన్న బిట్ చెయ్యమ్మా" అంటారు. ఒక్క ఎక్స్‌రేతో ఇవన్నీ ఒకే రోజు ఆగిపోయాయి. దానికి తోడు సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా ఉన్న ఆ రెండు గంటలు ఖాళీ అయిపోయాయి. పిల్లలు ఎక్కువగా కుమిలేది ఆ టైములోనే. అప్పుడు మనం లెక్కల పుస్తకం చేతికిస్తే, "డాన్స్ ఎలాగూ అయిపోయింది, ఇక చదువుకో" అన్నారని అనుకుంటుంది. మీరు అననక్కర్లేదు, ఆమెకి అలాగే వినపడుతుంది.

దుఃఖానికి అయిదు మెట్లు ఉంటాయని, ఒకటి దాటాక ఇంకోటి వస్తుందని వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. ఆటల్లో దెబ్బ తగిలినవాళ్ళ విషయంలో అది అంత వరసగా నడవదు. పొద్దున్న నవ్వుతుంది, మధ్యాహ్నం చెల్లెలి మీద అరుస్తుంది, రాత్రి ఏడుస్తుంది. ఏ మెట్టు మీద ఉందో వెతక్కండి. ఈ దెబ్బకి ఆమె మనసులో ఏం అర్థం చెప్పుకుంటోందో కనుక్కోండి. ఒకే ఎముక, ఒకే పగులు, ఇద్దరు పిల్లలకి రెండు రకాలుగా తగులుతుంది. నేను అడిగే ప్రశ్న ఒకటే: "ఈ దెబ్బ వల్ల ఏమైపోతుందని అనిపిస్తోంది నీకు?" వచ్చే జవాబులు పెద్దవాళ్ళు ఊహించేవి కావు. "ఇక నన్ను ముందు వరసలో పెట్టరు" అంది ఒకమ్మాయి. "నాన్న డ్రెస్సుకి కట్టిన డబ్బులు పోయాయి" అంది ఇంకో పిల్ల. ఆ రెండో పిల్లకి ధైర్యం, స్ఫూర్తి ఏమీ పనిచెయ్యవు. నాన్న వచ్చి "డబ్బు గురించి నువ్వెందుకమ్మా ఆలోచిస్తావు" అనడమే మందు. ఆయన అదే అన్నారు, ఆ రాత్రి అన్నం తింది.

ఎక్కువమంది మనసులో ఉండేది మాత్రం "తప్పు నాదే" అన్నది. అందుకని కారణం విడమరిచి చెప్పాలి. మీ పాపకి తగిలింది పడిపోతే విరిగే రకం దెబ్బ కాకపోవచ్చు. ఇలాంటివి చాలా వరకు స్ట్రెస్ ఫ్రాక్చర్లే. రోజూ కాలు తాటిస్తున్నప్పుడు ఎముకలో కంటికి కనపడని అరుగుదల వస్తుంది, విశ్రాంతి దొరికితే ఎముక తనే బాగుచేసుకుంటుంది. ప్రోగ్రాం దగ్గర పడేసరికి ప్రాక్టీసు ఒక్కసారిగా రెట్టింపు అవుతుంది. నేలేమో సిమెంటు గచ్చో, గ్రానైటో, టైల్సో. పైగా ఎదిగే వయసు. తరంగం అయితే పళ్ళెం అంచుని వేళ్ళతో బిగించి పట్టాలి, బరువంతా పాదం ముందు భాగం మీదే పడుతుంది. ఎముక కోలుకునే లోపు పని పెరిగిపోయింది, అంతే. ఇందులో పిల్ల బద్ధకమూ లేదు, తప్పటడుగూ లేదు. ఆ ప్రాక్టీసు షెడ్యూలు వేసింది పెద్దవాళ్ళం.

ఇందులోనే ఇంకో చిక్కు ఉంది. ఈ రకం పగులు మొదటి రెండు మూడు వారాల్లో మామూలు ఎక్స్‌రేలో తరచుగా కనపడదు. పిల్ల నొప్పి అంటుంది, ఎక్స్‌రేలో ఏమీ లేదంటారు, ఇంట్లో "ప్రాక్టీసు ఎగ్గొట్టడానికి వేషాలు" అంటారు. తర్వాత ఎమ్మారైలోనో, రెండో ఎక్స్‌రేలోనో బయటపడుతుంది. అప్పటికే పిల్ల మనసులో "నా మాట ఎవరూ నమ్మరు" అని ముద్ర పడిపోయి ఉంటుంది. మీ ఇంట్లో అలాంటిదేమైనా జరిగిందేమో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. జరిగి ఉంటే, ఆ మాట అన్నవాళ్ళే వచ్చి "నువ్వు చెప్పింది నిజమేనమ్మా, మేం నమ్మలేదు" అని చెప్పాలి. మిగతా ఏ మాటా అది చెప్పాకే లోపలికి వెళ్తుంది.

అమ్మమ్మగారు దిష్టి తగిలిందంటున్నారని రాశారు. తియ్యనివ్వండి, ఉప్పూ మిరపకాయలతో పోయేదేముంది. నిజం చెప్పాలంటే దిష్టి అనేది ఒక రకంగా పిల్లకి మేలే, నేరం ఎవరి కళ్ళ మీదికో పోతుంది, పిల్ల మీద ఉండదు. దాని తర్వాత వచ్చే "అందుకే అందరిలో గెంతొద్దని చెప్పాను" అన్న మాట మాత్రం మొహమాటపడకుండా ఆపండి.

ఆపాల్సిన మాటలు ఇంకొన్ని ఉన్నాయి. "ఏం కాదులే", "కాలు విరగలేదు, సంతోషించు", "అంతా మన మంచికే". ఇవన్నీ మన కంగారు తగ్గించుకోవడానికి మనం అనుకునేవి. వాటి బదులు "ఈ ప్రోగ్రాం పోవడం చాలా బాధగా ఉంది కదా" అని ఊరుకుంటే చాలు. ఊరుకోవడమే కష్టం మనకి.

ఇక నర్తకి సుధాచంద్రన్ గారి కథ. దెబ్బ తగిలిన ప్రతి పిల్లకీ మొదటి రోజే ఎవరో ఒకరు ఇది చెప్తారు. 1981లో బస్సు ప్రమాదం తర్వాత ఆవిడ కుడికాలు తీసెయ్యాల్సి వచ్చింది, జైపూర్ కాలు అనే కృత్రిమ కాలు పెట్టుకుని 1984లో మళ్ళీ వేదిక ఎక్కారు. గొప్ప విషయమే, కాదనను. కానీ పాదంలో వెంట్రుక మందం పగులుతో ఏడుస్తున్న పిల్లకి ఆ కథ చెప్తే, "ఆవిడ కాలు పోయినా చేసింది, నువ్వు ఇంత దానికి ఏడుస్తావా" అన్నట్టు తగులుతుంది. చెప్పాలనుకుంటే కొన్ని వారాలు పోయాక చెప్పండి, అదీ ఆ రెండు తేదీల మధ్య ఉన్న ఏళ్ళ గురించి. కొత్త కాలితో నడవడం నేర్చుకోవడం, నొప్పి, మళ్ళీ మొదటి అడుగు నుంచి సాధన. ఓపిక గురించి చెప్తే అది పనికొచ్చే కథ.

క్లాసులో ఏం పని ఇవ్వాలి? ఊరికే గోడకి ఆనుకుని కూర్చోబెట్టి, తన తరంగం ఇంకొకరు చేస్తుంటే చూడమంటే అది శిక్ష. అందుకని మొదట ఆ రిహార్సల్ ఉన్న రోజు కాకుండా, చిన్నపిల్లల బ్యాచ్ ఉన్న రోజు తీసుకెళ్ళండి. టీచరుగారితో ముందే మాట్లాడి ఉంచండి. తాళాలు చేతికిచ్చి నట్టువాంగం, అంటే తాళం వేస్తూ నాట్యాన్ని నడిపించడం, మొదలుపెట్టించమనండి. జతులు, అంటే అడుగులకి పలికే తాళపు మాటలు, నోటితో చెప్పించమనండి. బాగా అడుగులు వేసే పిల్లల్లో చాలామందికి నోటితో జతి చెప్పమంటే మూడో కాలంలో, అంటే బాగా వేగం పెరిగినప్పుడు, తడబాటే. కూర్చున్నచోటే చేసుకోగలిగినవి ఇంకా చాలా ఉన్నాయి: అభినయ దర్పణం అనే పాత నాట్య గ్రంథం లెక్కలో శిరోభేదాలు (తల కదలికలు) 9, దృష్టి భేదాలు (చూపులు) 8, గ్రీవా భేదాలు (మెడ కదలికలు) 4, ఆ పైన హస్తాలు (చేతి ముద్రలు). మామూలు రోజుల్లో వీటికి టైము ఎక్కడ ఉంటుంది? అయిదు నిమిషాల్లో లాగించేసి అడుగుల మీద పడతాం.

కూర్చుని చేసేది రెండో రకం నాట్యం అని పిల్ల అనుకుంటే ఈ సంగతి చెప్పండి. మన గోదావరి జిల్లాల కళావంతుల (తరతరాలుగా నాట్యమే వృత్తిగా ఉన్న ఆడవాళ్ళ) సంప్రదాయంలో పదాలకి, అంటే అభినయం కోసం పాడే పాటలకి, కూర్చునే అభినయం పట్టేవారు. కాలు కదలకుండా ఒక్క పంక్తిని ఎన్ని రకాలుగా చూపగలిగితే అంత విద్వత్తు. నటరాజ రామకృష్ణ గారు ఆంధ్రనాట్యం పేరుతో, స్వప్నసుందరి గారు విలాసినీ నాట్యం పేరుతో మళ్ళీ వేదికకి తెచ్చింది ఈ కళావంతుల విద్యనే. అది పుట్టి పెరిగిన నేల మీద ఉన్నాం మనం. మా క్లాసులో చీలమండ బెణికి కూర్చున్న ఒకమ్మాయి ఆ నెలంతా ఒకే ఒక్క పదం పట్టుకుంది. అంతకుముందు ఆమె మొహంలో భావం వెతుక్కోవాల్సి వచ్చేది, కాళ్ళు మాత్రం మెరుపులు. తిరిగి లేచి నిలబడ్డాక కళ్ళే ముందు కనపడ్డాయి. అందరికీ ఇలా జరుగుతుందని మాట ఇవ్వలేను, కొందరికి ఆ నెల ఊరికే గడుస్తుంది. గడిచినా క్లాసులోనే గడుస్తుంది కదా.

ఇంట్లో చెయ్యగలిగింది మనసులో నాట్యం. కళ్ళు మూసుకుని, పాట పెట్టుకుని, అసలు వేగంలోనే, పది నిమిషాలు చాలు. ఎదుటి నుంచి వీడియో చూసినట్టు కాకుండా, తను లోపల ఉండి చేస్తున్నట్టు చూడాలి. అరికాలికి తగిలే పళ్ళెం చల్లదనం, నడుముకి బిగిసిన ఒడ్డాణం, మృదంగం, అన్నీ ఉండాలి. ఇది ఉత్త ఊహ కాదు. కదలికని శ్రద్ధగా ఊహించినప్పుడు, నిజంగా కదిలేటప్పుడు పనిచేసే మెదడు భాగాల్లో చాలా వరకు పనిచేస్తాయి. అందుకే ఆటగాళ్ళకి కూడా నేర్పుతారు. ఒక జాగ్రత్త ఏంటంటే, ఊహలో ప్రతిసారీ పడిపోతున్నట్టో, కాలు కలుక్కుమన్నట్టో వస్తుంటే ఆపి, ఆ చోటుకి ముందున్న చరణం దాకా వెనక్కి వెళ్ళి, నెమ్మది వేగంలో దాటించాలి. పడిపోవడాన్నే రోజూ సాధన చేయించకూడదు కదా. ఇప్పుడు పాప ఆ పళ్ళెం పేరెత్తితేనే లేచి వెళ్ళిపోతోంది కాబట్టి తరంగంతో మొదలుపెట్టకండి, ఆమెకిష్టమైన పాత ఐటమ్ ఏదైనా తీసుకోండి.

ఇంకోటి, రోజుకి నాలుగుసార్లు "నొప్పి తగ్గిందా?" అని అడగకండి. ఊడ్చిన నారుని రోజూ పీకి వేరు పట్టిందా అని చూసినట్టు ఉంటుంది. రోజుకి ఒక్కసారి, ఒకే టైములో అడగండి. డాక్టరు దగ్గర పాపనే మాట్లాడనివ్వండి. మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్ళమనండి: ఇప్పుడు ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యకూడదు, ఏం కనిపిస్తే మీకు వెంటనే చెప్పాలి. "ఏం చెయ్యొచ్చు" అన్నది ముందు ఉండాలి. తన కాలు గురించి పెద్దవాళ్ళు తన తల మీదుగా మాట్లాడుకోవడం పిల్లలకి చాలా అవమానంగా ఉంటుంది, బయటికి చెప్పరు.

తిండి సంగతి. ఈ మాట డాన్స్ టీచర్లు వినడానికి ఇష్టపడరు. కదలకుండా కూర్చుంటే లావైపోతానని ఆడపిల్లలు చాలామంది గుట్టుగా అన్నం తగ్గిస్తారు. ఎముక అతుక్కోవడానికి తిండి మామూలుకన్నా తగ్గకూడదు. తిండి చాలకపోవడం, నెలసరి ఆగిపోవడం, ఎముక పగుళ్ళు ఈ మూడూ తరచుగా కలిసే కనపడతాయి. నెలసరి మొదలైన పిల్ల అయి, కొన్ని నెలలుగా రాకపోతే డాక్టరుకి తప్పకుండా చెప్పండి. ఇంట్లోగానీ క్లాసులోగానీ "కాస్త ఒళ్ళు చేశావే" అనే వాళ్ళు ఉంటే, ఆ మాట సరదాకి కూడా వద్దని చెప్పండి.

ఇప్పుడు రెండో గండం. డాక్టరు సరే అన్న రోజు ఇంట్లో అందరికీ పండగ, పిల్లకి మాత్రం ఆ రోజు నుంచే అసలు టెన్షన్. ఒకమ్మాయి తిరిగి క్లాసుకి వచ్చినప్పుడు చూడ్డానికి అన్నీ బాగానే ఉన్నాయి. అరమండి (మోకాళ్ళు వంచి నిలబడే భంగిమ) ఉంది, చేతులు ఉన్నాయి, మొహంలో నవ్వుంది. నేను తాళం వేస్తూ తల దించుకుని వింటుంటే తేడా తెలిసింది. ఎడమ గజ్జె ఘల్లుమంటోంది, కుడి గజ్జె మెత్తగా, సగం మాటలా వినపడుతోంది. కుడిపాదం నేలకి ఆనిస్తోంది గానీ కొట్టడం లేదు. అడిగితే "నొప్పి లేదండీ" అంది, నిజమే, నొప్పి లేదు. ఉన్నది భయం. ఇలాంటప్పుడు "భయపడకు" అంటే పిల్ల భయాన్ని దాచడం నేర్చుకుంటుంది, బరువంతా రెండో కాలి మీద వేసి దాన్ని పాడుచేసుకుంటుంది.

మేం చేసేది ఇది. ఏ అడుగు అంటే భయమో దాన్నే తీసుకుంటాం. గజ్జెలు తీసేసి, చెక్క నేల మీదో మందం చాప మీదో, మొదటి కాలంలో, తాళం నాలుగు ఆవర్తాలు. భయానికి సున్నా నుంచి పదిలో మార్కు పాపనే వెయ్యమంటాం. మూడుకి దిగేదాకా అదే. తర్వాత రెండో కాలం. తర్వాత గజ్జెలు. తర్వాత గట్టి నేల. ఒకసారికి ఒక్కటే మార్చాలి. వేగమూ నేలా ఒకే రోజు మార్చేస్తే మార్కు ఎందుకు పెరిగిందో ఎవరికీ తెలియదు. తరంగం పళ్ళెం అన్నిటికన్నా చివర.

భయాన్నీ నొప్పినీ కలపకండి. రెండు పిక్కలూ సమానంగా లాగుతుంటే అది కొత్తగా మొదలెట్టిన సాధన వల్ల. ఒక వేలితో "ఇదిగో ఇక్కడే" అని ఎముక మీద చూపించగలిగితే ఆ రోజుకి ఆపెయ్యాలి, తగ్గకపోతే డాక్టరుకి చూపించాలి. బెణుకుల్లో కొద్దిపాటి నొప్పితో పని సాగించమని ఫిజియోలు చెప్తారు గానీ, ఎముక పగిలిన చోట నొప్పి అస్సలు ఉండకూడదు. "నొప్పి అని చెప్తే మళ్ళీ ఛాన్సు పోతుంది" అన్న లెక్క పిల్ల మనసులో ఉన్నన్నాళ్ళూ నిజం చెప్పదు. అందుకే నేను టీచర్లకి చెప్తుంటాను, నొప్పి అన్న పిల్లకి ఐటమ్ తీసెయ్యాల్సి వస్తే, అది తిరిగి ఎప్పుడు ఇస్తారో అదే నోటితో చెప్పాలి.

ఇంకో కోణం కూడా చెప్పాలి, మీ పాప విషయంలో కాకపోవచ్చు. దెబ్బ తగిలితే కొందరు పిల్లలకి లోపల హాయిగా ఉంటుంది. కూచిపూడి నేర్చుకునే ఒక అబ్బాయి మోకాలి నొప్పితో వచ్చాడు. బడిలో వెక్కిరింతలు తట్టుకోలేకపోతున్నాడు, మానేస్తానంటే ఇంట్లో ఒప్పుకోరు. మోకాలు ఒక్కటే వాడి తరఫున మాట్లాడింది. అలాంటి పిల్లని క్లాసులో కూర్చోబెట్టడం కాదు, "నీకు నిజంగా చెయ్యాలని ఉందా?" అని అడిగి, జవాబు ఏదైనా వినడం ముఖ్యం. దీనికి తిరగబడ్డ కేసులూ ఉన్నాయి: పిల్లకి చెయ్యాలని ఉంటుంది, ఇంటర్ దగ్గర పడుతోందని ఇంట్లోవాళ్ళు దెబ్బని అడ్డుపెట్టుకుని మాన్పించేస్తారు. మాన్పించాలనుకుంటే కారణం సూటిగా చెప్పండి, కాలి మీద నెపం పెట్టకండి.

ఎప్పుడు ఆలస్యం చెయ్యకూడదు: రెండు వారాలు దాటినా నిద్ర, తిండి గాడిలో పడకపోతే, బడికి పోనంటే, స్నేహితులతో కూడా మాట్లాడకపోతే మానసిక నిపుణుల దగ్గరకి తీసుకెళ్ళండి. "నేను లేకపోతే బాగుండు" లాంటి మాట ఒక్కసారి వినపడినా రెండు వారాలు ఆగొద్దు, అదే రోజు తీసుకెళ్ళండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఏ వేళప్పుడైనా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ చేస్తే పిల్లకి పిచ్చి అని ముద్ర పడుతుందని ఇంట్లో పెద్దవాళ్ళు అడ్డం పడితే, కాలికి ఎముకల డాక్టరు ఎలాగో ఇదీ అలాగే అని చెప్పి చేసెయ్యండి.

చివరగా ప్రోగ్రాం రోజు సంగతి. నిర్ణయం పాపదే, కానీ ఊరికే "వస్తావా?" అని అడిగితే "రాను" అంటుంది. పని చూపించి అడగండి: గ్రీన్‌రూమ్‌లో చిన్నపిల్లలకి గజ్జెలు కట్టడం, జడలు సర్దడం, సైడ్ వింగ్‌లో కూర్చుని జతి పలకడం. తరంగం టైముకి బయటికి వెళ్ళిపోవాలనిపిస్తే వెళ్ళిపోవచ్చని ముందే మాట అనుకోండి, కారణం అడగకూడదు. తీర్థం జనంలో, ఇసుకలో ఆ కాలితో నడిపించొద్దు, బండి దగ్గరి దాకా వెళ్ళే దారి చూసుకోండి. చుట్టాలెవరైనా ఎదురై "అయ్యో, నువ్వు చెయ్యట్లేదా!" అంటే జవాబు మీరే ఇవ్వండి, "కాలికి రెస్ట్ అండీ, వచ్చే సీజన్‌కి చేస్తుంది" అని, డాక్టరు అలా అని ఉంటేనే. రానంటే బలవంతం వద్దు. ఆ రాత్రి వీడియోలు, స్టేటస్‌లు ఆమెకి చూపించకండి, తనే అడిగితే తప్ప. అవకాశం దక్కిన ఆ రెండో అమ్మాయితో పోలిక అసలు తేవొద్దు, పాపం ఆ పిల్లకీ టెన్షన్‌గానే ఉంటుంది.

అటక మీద గజ్జెలు అక్కడే ఉండనివ్వండి, మీరు దించకండి. ఆరో వారం చెకప్ అయ్యాక డాక్టరుగారు ఏమన్నారో, పాప తాళాలు పట్టుకుందో లేదో ఇక్కడే రాయండి. అప్పుడు ఏ అడుగుతో మొదలుపెట్టాలో చెప్తాను.